నాలుగో శ్రుతిని అయిదు చేసిన ఘనుణ్ణి

ఫోన్ మీద ఒక్క నొక్కు నొక్కి, డెబ్బై దాటిన ఒకావిడ ఆఖరి కచేరీని నేను సర్వనాశనం చేశాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. చివరికి ఆవిడా నవ్వారు.

అప్పట్లో నాది హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. శని, ఆదివారాలు చందానగర్‌లో టీచరుగారి దగ్గర సంగీతం. నాకు వచ్చినవి నాలుగు గీతాలు, ఒక వర్ణం. అభిప్రాయాలు మాత్రం మహావిద్వాంసులకు ఉన్నన్ని ఉండేవి.

టీచరుగారి గొంతులో కణితి బయటపడింది. ఆపరేషన్ తర్వాత గొంతు ఉంటుందో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు. జీవితం మొత్తంలో ఆవిడ కట్టిన కృతి ఒక్కటే, మోహన రాగంలో. సభలో ఎన్నడూ పాడలేదు. ఆపరేషన్‌కి ముందు ఒక్కసారి నలుగురి ముందు పాడాలని ఆవిడ కోరిక. తెల్లాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్ దొరికింది. తంబుర బాధ్యత నాది. తంబుర అంటే నా ఫోన్‌లో యాప్ అన్నమాట.

"నాలుగో శ్రుతి పెట్టు నాయనా. అంతకంటే పైన నా గొంతు అందుకోలేదు" అన్నారు.

"అలాగేనండి" అన్నాను.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? వయసులో ఉన్నప్పుడు ఆవిడ ఇంట్లో పాడుకున్న ఆ కృతి క్యాసెట్టు విన్నాను. అది అయిదో శ్రుతి. ఆ వెలుగే వేరు! నాలుగులో చప్పబడిపోతుందని తీర్మానించేశాను. ఆఫీసులో బటన్ రంగు మార్చాలన్నా నలుగురి అనుమతి తీసుకునేవాణ్ణి. ఆవిడ గొంతు విషయంలో ఎవర్నీ అడగలేదు. అయిదు నొక్కాను.

వయొలిన్ ఆయన తీగలు బిగిస్తూ ఆగారు. "నాలుగన్నారు కదండీ, అయిదుందేంటి?"

"టీచరుగారే మార్చమన్నారండి" అన్నాను, కళ్లార్పకుండా.

కచేరీ మొదలైంది. వర్ణంలోనే ఆవిడ నుదుట చెమట పట్టింది. తర్వాత తన కృతి ఎత్తుకున్నారు. పల్లవి బాగానే ఉంది. చరణంలో పై గాంధారం దగ్గర గొంతు చిరిగింది. మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి గాలి తప్ప ఏమీ రాలేదు. మృదంగం ఆగిపోయింది. యాప్ మాత్రం హాయిగా మోగుతూనే ఉంది. ఆవిడ ఆ కృతిని సగంలో వదిలేసి, కింది స్థాయిలో మెల్లగా మంగళం పాడేశారు. మంగళం పాడాక ఇంక కచేరీ లేదు.

సెక్యూరిటీ యాదయ్య నా దగ్గరికి వచ్చాడు. "ఏంది సార్, గింతల్నే అయిపోయిందా? ఇగ మైకు బంద్ చెయ్యాల్నా?"

"చెయ్యి."

"గా అమ్మకు జర నీళ్లియ్యున్రి సార్, మస్తు పరేషాన్ అయితుంది."

నీళ్లివ్వాలని కూడా నాకు తట్టలేదు చూడండి!

తిరుగు దారిలో క్యాబ్‌లో ఆవిడ అడిగారు, "శ్రుతి ఎంత పెట్టావు నాయనా?"

"నాలుగేనండి."

"అయితే నా గొంతుదే తప్పు" అని కిటికీ వైపు తిరిగారు. చందానగర్ వచ్చేదాకా నేను ఆఫీసు మెయిళ్లు చూస్తున్నట్టు నటించాను. అంత నీచంగా నేనెప్పుడూ ప్రయాణం చెయ్యలేదు.

ఆపరేషన్ అయింది. ఆవిడ బతికారు, గొంతు పోయింది.

కొన్నాళ్లకి పిలిపించి, పలక మీద రాసి చూపించారు: "నా కృతి నువ్వు నేర్చుకో." మోకాలి మీద తాళం వేస్తూ, తప్పు పాడితే నా మోకాలి మీద వేస్తూ నేర్పారు. నాది ఒకటో శ్రుతి. ఫోన్ ఆవిడ ఒళ్లో ఉండేది.

ఒక ఆదివారం చరణం ఎత్తుకున్నాను. పై గాంధారం దగ్గర నా గొంతు గచ్చు మీద పళ్లెం పడ్డట్టు మోగింది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ పళ్లెమే. ఆవిడ తల దించుకున్నారు, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని కంగారుగా వంగాను. ఒళ్లో ఫోన్ మీద శ్రుతి రెండు అని ఉంది.

చప్పుడు లేకుండా, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నారావిడ.

"నేనేనండి ఆరోజు పెంచింది" అన్నాను.

పలక మీద రాశారు: "అప్పుడే చూశాను. ఫోన్ నా పక్కనే కదా."

"మరి ఆపలేదేంటండీ?"

ఆవిడ పలక తుడిచారు. మళ్లీ రాశారు: "నాకూ ఆశ పుట్టింది."

అందుచేత మహాజనులారా, ఆ పలక సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెవరి శ్రుతిలోనూ వేలు పెట్టను. ఇంట్లో ఫ్యాను పెంచాలన్నా అడిగే పెంచుతాను.