లోయ దారిలో మా తోటికోడలు

మా పెద్ద తోటికోడలు నడిచేటప్పుడు నోరు మూసుకుని ఉండేది కాదు. పక్కన ఎవరూ లేకపోతే చెట్లతోనైనా మాట్లాడేది. అరవైల మొదట్లో, నేను కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు, తన కూతురి మొక్కు తీర్చడానికి పిల్లను వెంటబెట్టుకుని అచ్చంపేట అవతల అడవి లోయలో ఉన్న చిన్న జలపాతానికి నన్ను తోడు తీసుకెళ్లింది.

ఎండిపోయిన వాగులో దిగుతుంటే నా భుజానికి వేలాడేసుకున్న ఉట్టి తెగి, నీళ్ల సొరబుర్ర రాళ్ల మీద పడి పగిలింది. కాసేపటికే ఆరేళ్ల పిల్ల వడదెబ్బకు కళ్లు తేలేసింది. వెనక్కి పోదామన్నాను.

"ఎనుకకు పోతె సుక్క నీళ్లు లెవ్వు చెల్లె. ముందలికే పోదాం" అని పిల్లను ఎత్తుకుంది. దారి పొడవునా దాని చెవిలో మాట్లాడుతూనే ఉంది.

"బిడ్డా, మన ఎర్రావు ఈనింది గద. దూడకేం పేరు పెడదమే? జర చెప్పు."

పిల్ల తల ఆమె భుజం మీద వాలిపోయే ఉంది. చివరికి ఆమె గొంతు పూర్తిగా ఎండిపోయి, పెదవులు మాత్రమే కదిలాయి.

ఆ ఎండలకు జలపాతం చేతి మందాన మాత్రమే పడుతోంది. పిల్లతో సహా దాని కింద నిలబడింది. చాలాసేపటికి పిల్ల దగ్గి, కళ్లు తెరిచింది.

"అమ్మా, సలి పెడుతాంది."

"అక్కా, ఇగ దించు" అన్నాను. దించలేకపోయింది. చేతులు కొయ్యబారిపోయాయి. నేనే ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి పిల్లను అందుకున్నాను. తాగడానికి దోసిలి పట్టింది కానీ, వణుకుకు నీళ్లు నిలవలేదు. నా దోసిలితో ఆమెకు తాగించాను.