ముప్పై ఏడో బొమ్మ

నా బిడ్డ పోయింది. నల్లగొండ దవాఖానలో తొమ్మిది రోజులు జ్వరంతో కొట్లాడింది. పదో రోజు పొద్దున నేను చాయ్ కోసం కిందికి దిగాను. గ్లాసు పట్టుకుని పైకి వచ్చేసరికి మంచం చుట్టూ తెర గుంజి ఉంది. నర్సమ్మ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని కిటికీలో పెట్టింది. గ్లాసు తీసుకున్న తీరులోనే నాకు తెలిసిపోయింది. ముప్పై నాలుగేళ్లు కళ్ల ముందు తిరిగిన బిడ్డ, నేను చాయ్ తెచ్చుకునేంత సేపు ఆగలేదు.

నేను ఏడో తరగతి దాకే చదివాను. తప్పులుంటే మన్నించండి. మా పాస్టరమ్మ, "రాయి అక్కా, రాస్తే గుండె జర తేలికైతది" అన్నది. తేలిక కాలేదు. అయినా రాస్తున్నాను. మా చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఇళ్ల గోడల మీద, ఎన్నడో పోయిన వాళ్ల ఫోటోలు నా బిడ్డ చేతి మీదుగా తిరిగి వచ్చినవే. ఆ ఇళ్ల వాళ్లు ఎవరైనా ఇది చదివితే, ఆమె లేదని తెలుసుకోవాలి.

మాది నకిరేకల్. మా ఆయనకు బస్టాండు దగ్గర చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పట్టా పుస్తకాలకు, రేషన్ కార్డులకు, పరీక్ష కాగితాలకు బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు తీసేవాడు. అప్పుడంతా రీలే. డబ్బా మీద ముప్పై ఆరు అని రాసి ఉంటుంది గాని, కెమెరాలో జాగ్రత్తగా ఎక్కిస్తే చివర ఇంకొకటి వస్తుంది. ఆ ముప్పై ఏడోది మా బిడ్డది. రీలు అయిపోవచ్చిందంటే మా ఆయన గల్లీలోకి కేకేసేవాడు: "బిడ్డా, ఉర్కిరా! ఒక్కటి మిగిలింది!" ఆడుకునేది ఆడుకున్నట్టే పరుగెత్తుకొచ్చి, మోకాళ్ల మీద మట్టితో స్టూలెక్కి కూర్చునేది. నవ్వమని ఆయన చెప్పనవసరం లేదు. రొప్పుతూనే నవ్వేది.

అట్లా తీశాడే గాని, ఒక్కదాన్నీ కాగితం మీదికి తేలేదు. "మన పోరి మన కండ్ల ముందలనే తిరుగుతాంది గదనే. ఇంక దానికి కాగితం దండుగ" అనేవాడు. నెగటివులు మాత్రం పారేయలేదు. ఒక్కో పట్టీకి ఆరు బొమ్మల చొప్పున కత్తిరించి, బటర్ పేపర్ కవర్లలో పెట్టి, పైన ఊరి పేరు రాసి ట్రంకు పెట్టెల్లో దాచాడు. ఆరు పట్టీలు పోగా మిగిలిన ఒంటి ముక్కను అదే కవర్లో చివర దోపేవాడు.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది ఆయన పోయాడు. స్టూడియో జాగాలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం నడుస్తోంది. నాలుగు ట్రంకు పెట్టెలు ఇంటికొచ్చాయి. చుట్టాలంతా పారేయమన్నారు. నా బిడ్డ పారేయలేదు, ఒక స్కానర్ కొనుక్కొచ్చింది. వారమంతా మార్కెట్టు దగ్గర ఒక దుకాణంలో కంప్యూటర్ పని. ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్లటి గుడ్డ తొడుగులు చేతులకు వేసుకుని, పెట్టె తెరిచి కూర్చునేది.

స్కానర్ మూత ఎత్తితే అద్దం. దాని మీద ఒక నల్లటి ప్లాస్టిక్ చట్రం. అందులో పక్కపక్కన రెండు పట్టీలు, అంటే ఒక్క విడతకు పన్నెండు ముఖాలు. రబ్బరు బుడ్డితో దుమ్ము ఊది, పట్టీలు కూర్చోబెట్టి, మూత వేసి, ఆ వెలుతురు మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేదాకా నాతో ముచ్చట పెట్టేది. నాకూ నేర్పింది. "మెరిసే దిక్కు కిందికి, మసక దిక్కు మీదికి. అంచు పట్టుకోవాలె అమ్మా, బొమ్మ పట్టుకోవద్దు." మొదటి రోజు నేను తిరగేసి పెట్టాను. మా చెల్లె ముక్కుపుడక అవతలి దిక్కుకు పోయింది. "చిన్నమ్మ ముక్కుకు రెండో దిక్కు గూడ పొక్క కొట్టినవేందే!" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

ఊళ్ల నుంచి మనుషులు వచ్చేవాళ్లు. ఒకసారి గొర్లు కాసుకునే ఒక అవ్వ వచ్చింది. మొగుడు పోయి ఇరవై ఏళ్లయిందట, ఒక్క ఫోటో లేదట. పట్టా పుస్తకం కోసం ఎన్నడో మా ఆయన దగ్గర దిగాడని గుర్తు. నా బిడ్డ ఆ ఊరి కవర్లన్నీ వెతికి, పట్టీని కిటికీ వెలుతురుకు పట్టి చూపించింది. నెగటివులో నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. అవ్వకు అది తెలియదు.

"గీయనే. ముక్కు గీయనదే. గని గీయన జుట్టెప్పుడు నెరిసె బిడ్డా? నలభై నిండకముందే పాయె గద!"

"ఆగు అవ్వా. మిషన్ల వెట్టినంటే పడుచోడైతడు."

"వద్దు తల్లీ! గట్లనే ఉండనియ్యి. పడుచోడైతే గీ ముసల్దాన్ని గుర్తువడ్తడా?"

ముగ్గురమూ నవ్వుకున్నాం. అవ్వ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఫోటో చేతికిచ్చాక కొంగులో చుట్టుకుని పోయింది.

ఇక నా తప్పు చెప్పాలి. దాచి ఈ రాత రాయలేను.

ఒంటి ముక్కలు ఆ చట్రంలో నిలవవు, జారి వంకరపోతాయి. అందుకని నా బిడ్డ ఏ కవరు తీసినా చివరి ఒంటి ముక్కను ఒక గుండ్రటి బిస్కెట్ల డబ్బాలో వేసేది. డబ్బా నిండా తనే. ఎప్పుడు చేస్తావే అంటే, "నావి ఆఖర్న చేస్తనే. ముందు ఊరోళ్లయి కానియ్యి" అనేది. రెండు వానాకాలాలు ఆ డబ్బా గోడ పక్కనే ఉంది. చెమ్మకు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని, మీద బూజు మచ్చలు లేచాయి.

ఒకనాడు ఆమె పనికి పోయాక, సాయం చేద్దామనుకున్నాను. వేడినీళ్లలో సర్ఫు కలిపి డబ్బా మొత్తం బకెట్లో గుమ్మరించి నానబెట్టాను. బట్టలు చేసినట్టే వేళ్లతో రుద్దాను. నల్లటి నీళ్లు దిగాయి. మురికి పోతోందని సంతోషపడ్డాను. క్లిప్పులు పెట్టి దండెం మీద ఆరేశాను. ఎండకు అద్దం ముక్కల్లాగా తళతళలాడాయి. నా బిడ్డ నవ్వులన్నీ నా గోళ్లతోనే గీకి మోరీలో పోశానని నాకు తెలియదు.

సాయంత్రం వచ్చి దండెం దగ్గర నిలబడిపోయింది. చేతిలో సంచి కూడా దించలేదు. నేను లోపలి నుంచి, "మంచిగ ఎల్లినయా బిడ్డా?" అని అడిగాను. 

"మంచిగ ఎల్లినయమ్మా."

తర్వాత రోజు చెప్పింది, బొమ్మ ఉండేది ఆ మసక దిక్కు పూతలోనేనట, అది ఊడి ఉత్త ప్లాస్టిక్ మిగిలిందట. నేను నెత్తి కొట్టుకుంటుంటే చేతులు పట్టుకుని ఆపింది. "పోనియ్యే. నేనున్న గద. బొమ్మలెందుకే నీకు? గిదిగో, కలర్‌ల ఉన్న, చూస్కో" అని తన ముఖం నా ముఖం దగ్గరికి తెచ్చింది. నేను నమ్మాను. ఉందిగదా అనుకున్నాను.

దవాఖానలో ఎనిమిదో రోజు చెయ్యి పట్టుకోబోతే, సూది గుచ్చిన దగ్గర నొచ్చినట్టుంది. కళ్లు మూసుకునే, "అంచు పట్టుకోవే" అన్నది. వేళ్ల కొసలు పట్టుకుని కూర్చున్నాను. ఆ మాట మీదే ఉన్నాను ఇంకా.

మాలో నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక పెడతారు. ప్రార్థన కార్డు మీద పోయినవాళ్ల ఫోటోలు రెండు వేస్తారు, చిన్నప్పటిది ఒకటి, పెద్దయ్యాక ఒకటి. పెద్దయ్యాక తీసినవి ఫోన్లో చాలానే ఉన్నాయి. చిన్నప్పటిది ఒక్కటీ లేదు. ఫోటోలు తీసేవాడి ఇంట్లో బిడ్డ ఫోటో లేదంటే ఎవరు నమ్ముతారు? బడి ఫోటో ఒకటి దొరికింది. వెనక వరసలో ఎవరి భుజం చాటునో సగం చెవి, ఒక రిబ్బను.

రోజూ వెతికాను. మొదట కంప్యూటర్లో ఆమె స్కాన్ చేసినవన్నీ చూశాను. ఊరూరి పిల్లలు, రెండు జడలు, పౌడరు ముఖాలు. అందరి బిడ్డలూ ఉన్నారు, నా బిడ్డ లేదు. పాపం ఆ పిల్లల తప్పేముంది? అయినా వాళ్ల మీద కోపం వచ్చింది, లేచి మూసేశాను. ప్రార్థన చేయబోతే నోట్లోంచి ప్రార్థన రాలేదు, "ఒక్కటియ్యి, ఒక్కటే ఒక్కటి" అనే మాట తప్ప. తర్వాత ట్రంకు పెట్టెలు దించి ఒక్కో కవరూ విప్పాను. ప్రతి కవరు చివరా ఖాళీ. ఒంటి ముక్కలన్నీ ఆమే డబ్బాలోకి తీసింది. డబ్బాను నేను కడిగాను.

ముప్పై ఎనిమిదో రోజు మధ్యాహ్నం, నాలుగో పెట్టె అడుగున ఒక కవరు దొరికింది. అందులో ఆరో పట్టీ మిగతావాటికంటే పొడుగుంది. లెక్కపెట్టాను. ఏడు. ఎందుకో ఆ రోజు మా ఆయన చివరిదాన్ని కత్తిరించకుండా వదిలేశాడు. కవరు మీద నా బిడ్డ రాత ఉంది. "అయింది" అని రాసి, గీత కొట్టి, కింద చిన్నగా: "ఏడోది మల్ల."

చట్రంలో ఆరే పడతాయి. ఏడోది అంచు అవతలకు పోయి, వెలుతురు తగలకుండా నల్ల ప్లాస్టిక్ కింద ఉండిపోయింది. ఆమె చూసింది. కత్తిరిస్తే పక్కవాళ్ల ముఖం గీరుకుపోతుందని ఊరుకుని, ఊరోళ్లవి చేసి, తనను మళ్లీ కవర్లో పెట్టేసింది.

మరునాడు పాస్టరమ్మ కార్డు కోసం వచ్చింది. "దొరికిందా అక్కా?" అని అడిగింది. నేను లేదన్నాను. అబద్ధమాడాను. కార్డు మీద ఒక్క ఫోటోనే పడింది.

మిషను నాకు వచ్చు. పట్టీని ఒక బొమ్మంత జరిపి, మెరిసే దిక్కు కిందికి, మసక దిక్కు మీదికి పెట్టి, మూత వేసి నొక్కితే చాలు. నా పిల్ల నల్లటి జుట్టుతో, తెల్లటి పళ్లతో తెర మీదికి వస్తుంది. రెండుసార్లు చట్రంలో పెట్టి కూడా, గొర్లు కాసే అవ్వ మాట గుర్తొచ్చి తీసేశాను.

రోజూ పొద్దున వంటింటి కిటికీ దగ్గర నిలబడి, ఆ పట్టీని అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తుతాను. ఏడో బొమ్మలో స్టూలు మీద కూర్చుని రొప్పుతూ నవ్వుతోంది. ముప్పై నాలుగేళ్లకే పోయిన నా బిడ్డకు తల నిండా నెరిసిన జుట్టు ఉంది, నాకంటే తెల్లగా.