పట్టీ విప్పిన మర్నాడే కుక్కల బండి వచ్చింది

మా చిన్నప్పుడు మదనపల్లెలో కుక్కల్ని పట్టుకుపోయే బండి వస్తే మనుషుల కంటే ముందు కుక్కలకే తెలిసేది... బండి ఇంకా మలుపు తిరగకముందే వీధి ఖాళీ. కాలువ తూముల్లో, అరుగుల కింద, కట్టెల మోపుల వెనక దూరిపోయేవి. ఒక్క మొరుగు వినపడేది కాదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు ఫోన్‌లో కొడుతోంది. ఒక్క మాట కూడా మెత్తబరచొద్దని చెప్పాను.

ఒక ఏడాది పక్క వీధిలో పిచ్చికుక్క కరిచి ఇద్దరు బిడ్డల తల్లి పోయింది. నీళ్ళ చెంబు చూస్తేనే వణికిపోయేది... ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళాలంటే మేం కళ్ళు మూసుకుని పరుగెత్తేవాళ్ళం. అందుకే బండిని పిలిపించారు. అది తప్పని నేను అనను.

మెడలో తోలు పట్టీ ఉంటే పెంపుడు కుక్క, వదిలేస్తారు. పట్టీ లేకపోతే ఊరకుక్క. మా కుక్క ఎర్రోడికీ పట్టీ ఉండేది. చెప్పులు కుట్టించుకోగా మిగిలిన తోలుతో మా నాయన చేయించాడు. సంగటి ముద్ద వేస్తే ఎర్రోడు ముద్దను కాదు, ముందు నా మొహం చూసేవాడు.

బండి వచ్చే ముందురోజే పట్టీ ఒరుసుకుని మెడ పుండయిందని మా అమ్మ విప్పేసింది. వేపనూనె రాసి, పట్టీని చిలక్కొయ్యకు తగిలించింది.

"రెండు దినాలు గాలి తగలనీ" అంది.

బండితో ఇద్దరు వచ్చారు. పెద్దాయన పేరు మునెప్ప. దాక్కున్న కుక్కల వెంట ఆయన పడేవాడు కాదు. అరుగు మీద తీరిగ్గా కూర్చుని, పిల్లలందరినీ చేరదీసి, తలా ఒక బెల్లం ముక్క పెట్టాడు.

"మీరు పిలిస్తే వస్తాయి గదమ్మా... రోంత పిలవండి, సూద్దాం."

పిలిచాం. దాచేదేముంది... అందరికంటే గట్టిగా నేనే పిలిచాను. బెల్లం బుగ్గన పెట్టుకుని, మాకు పడని ఇంటి వాకిట్లో పడుకునే నల్లకుక్కను పిలిచాను.

నల్లది రాలేదు. నా గొంతు విని మా ఎర్రోడు వచ్చాడు. తోక ఊపుకుంటూ...

తాడు ఉచ్చు మెడలో ఎప్పుడు పడిందో నేను చూడలేదు.

"అప్పా, అది మాదప్పా! మా ఎర్రోడు!"

"మెడలో పట్టీ యాడుండాది పాపా?"

"ఇంట్లో ఉండాది! మా అమ్మ ఇప్పేసింది!"

రెండోవాడు నవ్వాడు. "పిలిసేదీ నువ్వే, ఏడ్సేదీ నువ్వేనా?"

ఇంటికి పరుగెత్తాను. చిలక్కొయ్య అందలేదు. రోలు మీదికెక్కి పట్టీ లాక్కుని వచ్చేసరికి బండి పుంగనూరు దారి పట్టింది. వెనకాలే పరుగెత్తి అందుకున్నాను. పట్టీ ఎత్తి చూపించాను.

మునెప్ప నా వైపు చూడలేదు. "పట్టీ మెడలో ఉండాల పాపా, సేతిలో కాదు. ఇదొకటి ఇడిస్తే దోవంతా పట్టీలు తెస్తారు. ఇంటికి పో."

కమ్మీల మధ్య నుంచి ఎర్రోడు నన్నే చూస్తున్నాడు. మొరగలేదు. నేను మళ్ళీ పిలుస్తానేమో అన్నట్టు చెవులు నిక్కించాడు...

ఊరి బయట వాటినేం చేసేవాళ్ళో పెద్దవాళ్ళు చెప్పలేదు. సాయంత్రానికి బండి ఖాళీగా తిరిగి వచ్చింది.

ఇప్పుడు కుప్పంలో మా కూతురింట్లో ఉంటున్నాను. ఈ ముసలిదే అన్నం పెట్టి మూడు కుక్కల్ని మరిగించిందని వీధిలో నా మీద పంచాయితీ. పెట్టాను. పెట్టలేదని ఎవరి ముందూ అనను.

ఈమధ్య కుక్కల్ని పట్టే వ్యాను వచ్చింది. ఇప్పుడు చంపరట. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, పిచ్చి పట్టకుండా సూది వేసి, గుర్తుకు చెవి కొన కత్తిరించి, పట్టుకున్న వీధిలోనే వదులుతారట.

"అవ్వా, నీ మాటయితే ఇంటాయంట గదా. రోంత పిలువు" అన్నాడు వల పట్టుకున్న అబ్బాయి.

ముందు నేనే అడిగాను. "ఎన్ని దినాలు నాయనా? యాడ ఇడస్తారు? సరిగ్గా సెప్పు."

"నాలుగు దినాలవ్వా. ఈ గడప ముందరే ఇడస్తాం."

ఆ సూది మంచిదే. నీళ్ళు చూసి వణికిన ఆ తల్లిని నేను మరిచిపోలేదు. అందుకే పిలిచాను. నా నోటితో నేనే... మూడూ వచ్చాయి.

ఈరోజు ఆరో రోజు. వీధిలోకి కొత్త మనిషి వచ్చినా మొరిగే కుక్క లేదు. పంచాయితీ పెట్టినవాళ్ళు హాయిగా ఉందంటున్నారు.

కాలం మారిందని అందరూ అంటున్నారు... నాకూ నమ్మాలనే ఉంది. మీ వీధిలో తీసుకుపోయినవి తిరిగి వచ్చాయా? ఎన్నో రోజున వచ్చాయి? ఉన్నది ఉన్నట్టు రాయండి. మా మనవరాలు చదివి వినిపిస్తుంది.