హిల్ట్యె అరచేయి

డచ్చివాళ్ల ఫ్రీస్లాండ్‌ పల్లెల్లో సైకిలు గంట విన్నాక కూడా కుక్కలు మొరగలేదంటే, వచ్చింది మంత్రసాని హిల్ట్యె అన్నమాట. ఎన్ని వైద్యగ్రంథాలు తిరగేసినా ఆవిడ మందు అరచేయే: నొప్పి వచ్చినప్పుడల్లా నడుం కింద బలంగా అదిమి పట్టడం. ఆ మధ్యాహ్నానికి ఫెన్నాకు నొప్పులు మొదలై పన్నెండు గంటలైంది. ఇంట్లోనే కనాలని పట్టుబట్టిన పిల్ల, వేడినీళ్ల తొట్టిలో మోకాళ్లమీద ఉండి, "అమ్మా, ఆ చెయ్యి తీశారంటే ఆస్పత్రికి పోతా," అంది హిల్ట్యెతో. అప్పటికే హిల్ట్యె మణికట్టు తిమ్మిరెక్కింది. ఆవిడ ఫెన్నా భర్త వీబె చేతిని లాగి ఆ నడుం కింద పెట్టింది.

"నొప్పెడుతుందేమో," అని గొణిగాడతను.

"రొట్టెపిండి పిసుకుతున్నావా? నొక్కు," అంది ఫెన్నా.

"నీ బరువంతా వెయ్యి, నాయనా," అంది హిల్ట్యె.

వేశాడు. ఫెన్నా ఊపిరి నిదానించింది. సాయంత్రానికి ఆ ఇంట్లోనే బిడ్డ ఏడ్చింది. పుట్టిన వేళ రాయబోతే హిల్ట్యె వేళ్లు కలాన్ని పట్టుకోలేకపోయాయి.

"నువ్వే రాయి," అంది వీబెతో.