పదకొండు గంటల కోపం

మా పెద్దమ్మ పోయింది. మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, విజయవాడలో ఒక ఆసుపత్రి ఐసీయూలో, తెల్లవారాక పోయింది. ఆమె కోడలు, అంటే మా వదిన, ఫోన్ చేసి ఆ మాట చెప్పి, నేనేమీ అనకముందే, "లారీ వచ్చింది, మళ్ళీ చేస్తా" అని పెట్టేసింది. చావు కబురు మధ్యలో లారీ ఏమిటని మీకు అనిపించవచ్చు. ముసునూరు వైపు తోటలున్న ఇళ్ళలో మే నెలలో ఎవరు పోయినా కాయ ఆగదు, కోసింది కోసినట్టు బండెక్కాలి. పెద్దమ్మే వింటూ ఉంటే, "ముందు లారీ సంగతి చూడండి, నేనెక్కడికీ పోను" అనేది.

పెద్దమ్మ మా నాన్నకు వదిన. మా రెండిళ్ళకూ మధ్య గోడ లేదు. అరవై దాటిన మనిషి, చాలా ఏళ్ళుగా షుగర్ ఉంది. ఆ జబ్బే తీసుకుపోయిందని వచ్చినవాళ్ళంతా అంటున్నారు. పెదనాన్న కూడా అదే అంటున్నారు. నేను ఒప్పుకోను. ఆమె షుగర్ ఎక్కువై పోలేదు, తక్కువై పోయింది. చుట్టూ టన్నుల కొద్దీ పండు ఉండగా, నోట్లో రెండు చెంచాల తీపి పడక పోయింది. నేనిది రాస్తున్నది అందుకే.

పండును ఆమె చూసే తీరు వేరు. రసం పండును తొడిమ దగ్గర ముక్కుకు ఆనించి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయేది. "ఇది రేపటికి" అనో, "ఇది ఇప్పుడే, పిసికి తాగెయ్" అనో చెప్పి నా చేతిలో పెట్టేది. షుగర్ వచ్చాక తినడం మానేసింది గానీ వాసన చూడటం మానలేదు. "వాసనకి కూడా షుగర్ పెరుగుద్దేమో మీ డాక్టర్లని కనుక్కోవే, అదీ మానేస్తే ఓ పనైపోద్ది" అనేది. పెరగదు పెద్దమ్మా అంటే, "పోన్లే, అదొక్కటి నాకొదిలేశారు" అనేది.

ఊరంతా ఆమెకు వైద్యులే. మెంతులు నానబెట్టి తాగమని ఒకరు, కాకరకాయ రసమని ఒకరు, నేరేడు గింజల పొడి అని ఒకరు, అన్నం మానేసి కొర్రలు తినమని ఒకరు. ఒక బంధువైతే ఇన్సులిన్ మొక్క తెచ్చి కుళాయి పక్కన స్వయంగా నాటి వెళ్ళాడు. బాపులపాడు నుంచి వచ్చిన చుట్టం ఒకావిడ ఫోన్‌లో వీడియో పెట్టి, ఆమె పొయ్యి ముందు నిలబడి ఉండగానే ముఖం మీద పట్టుకుని చూపించింది. పెద్దమ్మ అందరికీ తలూపేది, అందరికీ టీ పెట్టేది. వాళ్ళు టీలో పంచదార ఇంకాస్త వేయించుకుని, పంచదార ముట్టుకోవద్దని ఆమెకు చెప్పి వెళ్ళేవాళ్ళు. ఏం తినకూడదో ఆమెకు చెప్పనివాళ్ళు లేరు. తిన్నావా అని అడిగినవాళ్ళు మాత్రం నాకు గుర్తులేరు.

అడగరు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఆఖర్న తింటారని అందరికీ తెలుసు కనుక అడగరు. ముందు మగవాళ్ళ టిఫిన్లు. కోతల రోజులైతే తోటకు క్యారేజీలు, కాయ బేరానికి వచ్చిన షావుకారుకు అట్లు, ఆ వెనకే మధ్యాహ్నం వంట. పెద్దమ్మ కంచం ముందు కూర్చునేసరికి రెండు దాటేది. మాత్ర మాత్రం పొద్దున్నే, పంచదార లేని టీతో. టిఫిన్‌కు ముందు వేసుకోమని డాక్టర్ చెప్పాడు, ఆమె వేసుకునేది. ఒక్కరోజు తప్పేది కాదు. ఆ టిఫిన్ ఆమె నోట్లోకి ఎప్పుడు వెళుతుందన్నది ఎవరి లెక్కలోనూ లేదు.

నేను పోరితే, "తిండికేం తొందరే, ఎక్కడికి పారిపోద్ది?" అనేది. ఇంకా పోరితే విసుక్కునేది. "మగాళ్ళు ఎండలో ఉంటే నేను కూర్చుని మెక్కనా? ముద్ద దిగుద్దా నాకు?" ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉండేది. ఆ గర్వం మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆకలి విలువ తెలియని మనిషి అయితే సర్దుకుపోయేదాన్ని. నేను బీఫార్మసీ చదివే రోజుల్లో కాలేజీ బస్సు మా వీధి చివరకు పొద్దున్నే వచ్చేసేది. నేను జడ వేసుకుంటూ, పుస్తకాలు వెతుక్కుంటూ తినకుండానే పరిగెత్తేదాన్ని. పెద్దమ్మ పెరుగన్నం గిన్నెతో వెనకే వచ్చి, బస్సు ముందు నిలబడేది. డ్రైవర్ హారన్ కొడితే, "ఎందుకయ్యా ఆ గోల, పిల్ల తింటోంది, కనబడట్లా?" అనేది. బస్సులో అందరూ కిటికీల్లోంచి చూస్తుంటే నేను సిగ్గుతో చచ్చిపోతూ మింగేదాన్ని. ఆఖరి ముద్ద అయ్యాక తన కొంగుతోనే నా మూతి తుడిచి, "ఇంక పో, పోయి మందులు కనిపెట్టు" అని పక్కకు తప్పుకునేది. నా ఆకలి కోసం బస్సును ఆపిన మనిషి ఆమె.

ఒకసారి నూజివీడులో డాక్టర్ దగ్గరకు వాళ్ళతో నేనూ వెళ్ళాను. పెద్దమ్మ స్టూలు మీద, పెదనాన్న కుర్చీలో. ప్రశ్న ఏదైనా జవాబు పెదనాన్నదే.

"టైముకి తింటున్నారా?"

"తినకేమండీ, ఇంటిపట్టునే ఉంటుంది గదా."

"స్వీట్లు, మామిడి పళ్ళు?"

"నేను ముట్టుకోనివ్వనండి."

రిపోర్టులో షుగర్ ఎక్కువగా ఉంది. పగలంతా మాడి ఒకేసారి కడుపు నింపుకునే మనిషికి ఎక్కడ కుదురుతుంది? డాక్టర్ మాత్ర మార్చి, కాస్త గట్టిది రాశాడు. నేను నోరు తెరవబోతే పెదనాన్న, "నువ్వుండమ్మా, బయట జనం ఉన్నారు" అన్నారు. మెట్లు దిగుతూ పెద్దమ్మ నా చెవిలో, "చూశావా, నా కడుపు సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు" అంది.

ఆ మాత్ర మారాక మొదలైంది పదకొండు గంటల కోపం. ఆ వేళకు పెద్దమ్మ మనిషి మారిపోయేది. గిన్నె జారితే అరిచేది, వదినను లేనిపోని మాటలనేది, అన్నదే మళ్ళీ అనేది. అన్నం తిన్నాక మామూలే. ఇంట్లో అదో జోకు. "అమ్మోరు పూనే టైమైంది, పదండి తోటకి" అనేవాడు అన్నయ్య, ఆమె కన్నకొడుకు. పెదనాన్న, "దీనికి షుగర్ తలకెక్కింది" అని తేల్చేశారు.

ఒక ఆదివారం ఆ వేళకు నేనక్కడే ఉన్నాను. ఆమె చేతిలో గరిట వణుకుతోంది. నుదుటి మీద చెమట, ముట్టుకుంటే చల్లగా తగిలింది. పొయ్యి ముందు పట్టిన చెమట అలా ఉండదు. పంచదార నీళ్ళు కలిపి దగ్గరుండి తాగించాను. కాసేపటికి నా వైపు చూసి, "ఏంటే అలా చూస్తున్నావు, నాకేమన్నా కొమ్ములొచ్చాయా?" అని నవ్వింది. అప్పటిదాకా అరిచింది పెద్దమ్మ కాదు, తిండి అందని ఆమె మెదడు.

పెదనాన్నకు చెప్పాను. "షుగర్ మనిషికి పంచదార పోశావా? ఇదా మీ కాలేజీలో నేర్పింది?" అన్నారు. తర్వాత తోటకొచ్చిన ప్రతివాళ్ళకూ అది చెప్పి నవ్వించారు.

వేలు పొడిచి షుగర్ చూసుకునే మిషన్ కొనిచ్చి, ఎలా వాడాలో ఆమెకూ వదినకూ చూపించాను. కొన్నాళ్ళు చూసుకుంది. అంతలో ఆవకాయ రోజులొచ్చాయి. పొడిచిన వేళ్ళతోనే కారం కలపాలి. "మంటెత్తిపోతందే తల్లీ, ఆవకాయయ్యాక చూసుకుంటాలే" అంది ఫోన్‌లో. ఆవకాయ అయ్యాక మాగాయ వచ్చింది.

నేను కొత్త మందులను మనుషుల మీద పరీక్షించి చూసే చోట పనిచేస్తాను. ఇది నా మూడో ఉద్యోగం, ఇదీ ఎన్నాళ్ళో తెలియదు. మా దగ్గర మాత్ర మింగిన మనిషి ముందు ఇడ్లీ ప్లేటు పెట్టి, తినేదాకా ఒకరం పక్కన కూర్చుంటాం. తిననంటే పెద్ద డాక్టర్‌కు ఫోన్ వెళుతుంది. అంత కాపలా మధ్య పెరిగిన మందు ఒక వంటగదిలోకి వచ్చేసరికి దాన్ని అడిగేవాళ్ళుండరు. ఎవరో ఒకరు వడ్డిస్తే కూర్చుని తినే మనిషి కోసం ఆ మాత్ర తయారైంది. వడ్డించే మనిషి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ రోజు సంగతి వదిన చెప్పగా విన్నాను. లారీ అనుకున్నదానికన్నా ముందే వచ్చింది. క్యారేజీలతో పెద్దమ్మా వదినా తోటకు వెళ్ళారు. పాక కింద కాయ రాశులుగా పోసి ఉంది. అందరికీ వడ్డిస్తూ వడ్డిస్తూ పెద్దమ్మ అన్నయ్యను చూసి, "తమ్ముడూ, ఎప్పుడొచ్చావు?" అంది. అందరూ నవ్వారు. తర్వాత చెమటలు కక్కుతూ గోనె సంచుల మీద కూలబడింది. వదినకు నేను చెప్పింది గుర్తొచ్చి, ఒక పండు పిసికి నోటి దగ్గర పెట్టబోయింది.

"ఏంటమ్మా నువ్వు, షుగర్ మనిషికి పండు పెడతావా? చంపుతావా ఏంటి?" అని పెదనాన్న ఆ పండు లాక్కుని అవతల పారేశారు.

వడదెబ్బ అనుకున్నారు. తల తడిపారు, ఉప్పు వేసిన మజ్జిగ పట్టారు. ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. "పడుకోనివ్వండి, అలిసిపోయింది" అన్నారు పెదనాన్న. ప్రేమగానే అన్నారు. ఏసీ వేశారు, తలుపు దగ్గరగా వేశారు, పిల్లల్ని అరవొద్దన్నారు. పగటిపూట ఆమె నడుం వాల్చడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. అందుకని పొద్దు వాలేదాకా ఎవరూ లేపలేదు. లేపితే లేవలేదు.

నూజివీడు, అక్కడి నుంచి విజయవాడ. నేను చేరేసరికి డ్యూటీ డాక్టర్ బయటకు వచ్చి అడుగుతున్నాడు. "పొద్దున్నుంచి ఏం తిన్నారు?"

పెదనాన్న అన్నయ్య వైపు చూశారు. అన్నయ్య వదిన వైపు చూశాడు. "అందరికీ ఉప్మా చేశామండీ" అంది వదిన.

"ఆవిడ తిన్నారా?"

గ్లూకోజు ఎక్కించారు. షుగర్ తిరిగొచ్చింది, పెద్దమ్మ రాలేదు. మెదడు అంతసేపు ఓర్చుకోలేకపోయిందన్నారు. రెండు రోజులు చూసి నేను ఉద్యోగానికి, వదిన కోతల దగ్గరకు వెళ్ళాం, మూడో రోజు పొద్దున ఆ ఫోన్ వచ్చింది.

మీ ఇంట్లోనూ షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు ఉండే ఉంటారు. అన్ని మాత్రలూ ఇలాంటివి కావు. కొన్ని మాత్రం, ఇన్సులిన్‌తో పాటు, కడుపులో తిండి లేకపోయినా చక్కెరను దించేస్తాయి. మీవి ఏ రకమో డాక్టర్‌ను అడగండి. ఎప్పుడు తింటారో ఆయన అడక్కపోయినా చెప్పండి, పేషంట్ నోటితోనే చెప్పించండి. చేతులు వణికి, చల్లటి చెమట పట్టి, ఊరికే కోపం వచ్చి, మాట తడబడితే వెంటనే షుగర్ చూడండి. చూసే వీలు లేకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే, పంచదార నీళ్ళో పండ్ల రసమో పట్టండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ పట్టి, ఆసుపత్రికి బయల్దేరండి. తేరుకున్నాక అన్నం పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయొద్దు, నిద్రపోతోందని వదిలేయొద్దు. ఇంతే. కాకరకాయ రసం గురించి చెప్పినంత ఓపిగ్గా ఇది మా ఇంట్లో ఎవరైనా చెప్పి ఉంటే, ఎవరైనా విని ఉంటే, నేనీ పూట ఇంకేదైనా రాసుకునేదాన్ని.

పెద్దకర్మ తోటలోనే చేశారు. బోరు పక్కన ఆకు వేసి, పిండంతో పాటు ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టారు. గారెలు, బూరెలు, పులిహోర, కోసిన రసం పండు. ఈసారి పండు వద్దని ఎవరూ అనలేదు. కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. కాకి కొమ్మ మీదే ఉంది, దిగలేదు. ఎండెక్కింది.

"ఏదో కోరిక ఉండిపోయుంటుందండీ, మాటివ్వండి" అన్నారు పంతులుగారు.

రోడ్డు పక్క తోట అమ్మనని అన్నయ్య మాటిచ్చాడు. మనవరాలి ఓణీల ఫంక్షన్ ఘనంగా చేస్తానన్నారు పెదనాన్న. తిరుపతి మొక్కు తీరుస్తానన్నారు. కాకి దిగలేదు. చుట్టాలు ఒక్కొక్కరే నీడకు జరిగారు. షామియానా కింద వేసిన విస్తళ్ళు గాలికి లేస్తుంటే వాటి మీద నీళ్ళ గ్లాసులు పెట్టారు. వంటవాళ్ళు సాంబారు మళ్ళీ పొయ్యెక్కించారు.

చివరికి పెదనాన్న ఆకు దగ్గరకు వెళ్ళి, చేతులు జోడించి, తల పైకెత్తి, నేనెప్పుడూ వినని గొంతుతో అన్నారు.

"ఇంక తినవే. పొద్దున్నుంచి ఎవరం తినలేదు."

కాకి ముక్కును కొమ్మకు అటూ ఇటూ రుద్దుకుని, తల అవతలికి తిప్పుకుంది.