తడిపిన బందరు దుప్పటి

బెంగళూరు కె.ఆర్.పురం స్టేషన్లో ఆ సాయంత్రం నేను రోజూ ఇంటికెళ్లే రైలు ఆలస్యమైంది. బ్రూక్‌ఫీల్డ్‌లో నాకు కొత్త ఉద్యోగం, కొత్త పొగరు. బెంచీ మీద పక్కనున్న తెలుగు పెద్దాయనకు మా బందరు గొప్పలన్నీ విప్పాను: ఒకప్పటి రేవు, దీపస్తంభం, డచ్చివాళ్ల సమాధులు, ఓడలెక్కి పర్షియా దాకా పోయిన కలంకారీ. ఆ రోజే బెంగళూరు బజార్లో కొన్న బందరు కలంకారీ దుప్పటి కూడా చూపించాను.

ఆయన సీసాలో నీళ్లతో దాని అంచు తడిపి, బొటనవేలితో గట్టిగా రుద్దాడు. రంగంటుకుని వేలు ఎర్రబడింది.

"కొత్త దుప్పటండీ! ఏంటా పని?" అని అరిచాను.

ఆయన అంతకంటే గట్టిగా అరిచాడు. "మీ పక్కూరు పెడనలో ముప్పయ్యేళ్లు అచ్చులద్దిన చెయ్యి ఇది! కాలవలో ఎంత జాడిస్తే మా రంగు అంత మెరుగు తేలేది. ఇదిగో, ఈ దొంగ సరుకు మా పొట్ట కొట్టింది. ఇప్పుడు ఇక్కడ బొమ్మనహళ్ళి ఫ్యాక్టరీలో చొక్కాలకి గుండీలు కుడుతున్నా. బందరోడివై ఉండి సమాధులు గుర్తుపడతావు, గుడ్డ గుర్తుపట్టలేవా?"

ఎర్రటి వేలు నా తెల్లచొక్కాకి తుడిచి, లేచి వెళ్లిపోయాడు.

పళ్లు నూరుకుంటూ ఇంటికొచ్చి చొక్కా ఉతికాను. మరక ఒక్క జాడింపుకే పోయింది. అది నిలిచి ఉంటే, ఆయన్ని తిట్టుకోవడానికి నాకొక కారణమైనా మిగిలేది.