ఇద్దరికీ కుదిరిన సస్పెన్షన్

కోవిడ్ భయం తగ్గి రోడ్లు మళ్ళీ నిండిన ఏడాది అది. గాజువాకలోని మా సస్పెన్షన్, వీల్ అలైన్‌మెంట్ షాపుకి ఎక్కువగా వచ్చేవి స్టీల్ ప్లాంటు ఉద్యోగుల కార్లు, పోర్టుకి తిరిగే జీపులు. ఆ ఉదయం మాత్రం ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఒకటి వచ్చి ఆగింది. పైకప్పు మడిచి ఉంది. బాడీ దాదాపు నేలకి ఆనుతోంది. నడుపుతున్నది పద్మ, ప్లాంటులో క్రేన్ ఆపరేటర్. పక్క సీటు ఖాళీ. ఆమె భర్త శ్రీను వెనకాల స్కూటర్ మీద వచ్చాడు.

"అదేటి, ఇద్దరూ ఒక బండిలో రాలేదా?" అన్నాను నవ్వుతూ.

"ఈయన ఈ కారెక్కనంటన్నారు భాయ్," అంది పద్మ. ఆమె నవ్వలేదు.

సెకండ్‌హ్యాండ్‌లో ఎంతో ఇష్టపడి కొనుక్కున్న కారు. కొన్న కొత్తలోనే భీమిలి బీచ్ రోడ్డు మీద, ఒక వంపులో చిన్న గుంత తగిలి వెనక భాగం పక్కకి జారిపోయింది. కారు గిర్రున తిరిగి ఇసుకలో ఆగింది. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. శ్రీను మాత్రం మళ్ళీ అందులో కూర్చోలేదు.

"అమ్మెయ్యమంటన్నాను భాయ్. బండికంటే మనిషి ముఖ్యం కదేటి?" అన్నాడు.

"ఈయన బయం తప్పు కాదు. నేనూ బయపడ్డాను," అంది పద్మ. "కానీ తప్పు బండిదా, దీనికి ఎవరో సేసిందా? అది తెలిసేక అమ్ముదాం."

భర్త భయాన్ని ఆమె తేలిక చెయ్యకపోవడం నాకు అప్పుడే నచ్చింది.

కారుని లిఫ్ట్ మీద ఎక్కించగానే సంగతి తెలిసింది. పాత యజమాని అందం కోసం స్ప్రింగులు కోయించి కారుని కిందికి దించాడు. పైగా పెద్ద బరువైన చక్రాలు, పల్చటి టైర్లు వేయించాడు. చక్రం, టైరు, బ్రేకు లాంటి, స్ప్రింగు మొయ్యని బరువుని మేము అన్‌స్ప్రంగ్ వెయిట్ అంటాం. తేలికపాటి కారుకి అది పెరిగితే గుంత తగిలినప్పుడు చక్రం ఎగిరి, వెంటనే నేలకి దిగదు. వంపులో అలా జరిగితే కారు జారుతుంది.

కోసిన స్ప్రింగులు తీసేశాను. కంపెనీ సైజులోనే తేలికైన చక్రాలు, కాస్త మందంగా ఉండే టైర్లు, కంపెనీవాటికంటే కొంచెం గట్టి స్ప్రింగులు వేశాను. స్ప్రింగు ఊపుని ఆపే డ్యాంపర్లని మాత్రం బాగా బిగించాను. స్పోర్ట్స్ కారు కదా అనుకున్నాను.

పద్మ ఒక చుట్టు తిప్పి వచ్చింది. "నాకు బావుంది భాయ్, రోడ్డుకి అతుక్కుని తిరుగుతంది. కానీ గుంతల్లో పక్కనున్నోళ్ళకి నడుం ఇరిగిపోద్ది."

"స్పోర్ట్స్ కారంటే ఇంతే అమ్మా."

"రెండు సీట్లున్నాయి కదా భాయ్. ఒకదానికే సేత్తే ఎలాగ?"

డ్యాంపర్లు వదులు చెయ్యడానికి మళ్ళీ స్పానర్ అందుకున్నాను.

ఆ తర్వాత షిఫ్టు దిగినప్పుడల్లా ఆమె వచ్చేది. ఒకసారికి ఒకటే మార్పు చెయ్యమనేది. ప్రతిసారీ అదే రోడ్డు మీద నడిపి చూసేది. ప్లాంటులో వేలాడే బరువు ఊగకుండా దించడం ఆమెకి రోజూ పని. ఆ ఒడుపే ఇక్కడా కనిపించేది. "ఎనక తొందరపడతంది భాయ్, ముందు నెమ్మదిగా దిగుతంది," అనేది. చూస్తే నిజంగానే వెనక డ్యాంపర్లు స్ప్రింగుని త్వరగా వదిలేస్తున్నాయి. వెనక కొంచెం బిగించి, ముందు కొంచెం వదులు చేశాను. అలా అలా ముందూ వెనకా కలిశాయి. ఇన్నేళ్ళ పనిలో అంత ఓపికగా బండి మాట విన్నవాళ్ళని నేను చూడలేదు.

శ్రీనుని ఆమె ఒక్కసారి కూడా ఎక్కమని అడగలేదు. ఒకరోజు ఆమె షాపులో ఉండగా అతనే వచ్చి, కోసిన స్ప్రింగులు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇప్పుడు గుంత తగిలితే ఏటవుద్ది భాయ్?"

"సక్రం లేస్తది, వెంటనే దిగుతది. బండి దాని దారిన పోద్ది."

అతను స్ప్రింగులు కింద పెట్టాడు. తర్వాత పద్మతో, "పద, భీమిలి దాకా ఎల్దాం," అన్నాడు. ఆమె నన్ను కూడా వెనకే రమ్మంది. నా కారులో బయల్దేరాను. వాళ్ళు జారిన వంపు దగ్గర వేగం తగ్గించి చూశాను. ఎర్రకారు గుంత మీంచి సాఫీగా దాటి వంపు తిరిగింది.

భీమిలి ఒడ్డున ఆపి వాళ్ళ దగ్గరికి నడిచాను. పద్మ నన్ను చూసి పెదాల మీద వేలుంచుకుంది. పక్క సీట్లో శ్రీను తల వాల్చి నిద్రపోతున్నాడు.

"రుషికొండ దాటగానే పడుకున్నారు," అంది మెల్లగా. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. "ఆ వంపు తెలీనేలేదు ఈయనకి."

ఇప్పటికీ స్పోర్ట్స్ కారు తెచ్చి "బాగా గట్టిగా సెయ్యి భాయ్" అనేవాళ్ళు వస్తూనే ఉంటారు. వేగం, చక్రాల సైజు తర్వాత మాట్లాడదాం అంటాను. ముందు నేనడిగేది ఒకటే: నీ పక్కన ఎవరు కూర్చుంటారు?